ఎడ్లబండి లెక్కతో క్యాంపింగ్ ట్రైలర్ కట్టుకోవడం ఎలా

ఇనుము కొనకముందు ఒక పని చేయండి. మీ ఊళ్ళో ఇంకా ఎడ్లబండి తోలేవాళ్ళుంటే, వాళ్ళు ధాన్యం బస్తాలు ఎక్కించేటప్పుడు పక్కన నిలబడి చూడండి. బస్తాలన్నీ వెనక్కి వేస్తే నొగ (బండి నుంచి ముందుకి కాడి దాకా వచ్చే కర్ర) పైకి లేస్తుంది, కాడి ఎడ్లని పైకి లాగేస్తుంది. అన్నీ ముందుకి వేస్తే ఎడ్ల మెడలు కుంగిపోతాయి. అందుకే తెలిసిన మనిషి నాలుగు బస్తాలు పడగానే నొగ చివర పట్టుకుని ఎత్తి చూస్తాడు. చేతికి బరువు తగలాలి, కానీ మరీ మోయలేనంత ఉండకూడదు. పడక, వంట సామాను పెట్టుకుని కారు వెనక లాగే క్యాంపింగ్ ట్రైలర్‌కీ ఇదే లెక్క. తేడా ఒక్కటే. బరువు తప్పితే ఎడ్లు మొరాయించి ఆగిపోతాయి. కారు ఆగదు. 60 కిలోమీటర్ల వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టి కారుని కూడా పక్కకి లాగేస్తుంది.

మాది ఉత్తరాంధ్రలో రాజాం దగ్గర పల్లె. నేనూ మా తమ్ముడూ మా పాత బొలెరో వెనక తగిలించుకోవడానికి ఒక ట్రైలర్ కట్టుకున్నాం. ట్రాక్టర్ ట్రక్కులు కట్టే వెల్డింగ్ షాపులోనే పనంతా జరిగింది. విదేశీ వీడియోల్లో కనిపించే వస్తువులు ఇక్కడ దొరకవని వెనకాడకండి. కావలసినవి దాదాపు అన్నీ మన వైపు లేత్ షాపుల్లో, పాత బండ్ల సామాన్ల కొట్లలో దొరుకుతాయి.

ముందు కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్‌కి కూడా బండికి చేయించినట్టే రిజిస్ట్రేషన్ చేయించాలి. సెక్షన్ 61 ప్రకారం ట్రైలర్‌కి సొంత నంబరు ఉండాలి, లాగే బండి నంబరు కూడా ట్రైలర్ మీద కనిపించాలి. కాబట్టి వెల్డింగ్ మొదలుపెట్టక ముందే కొలతలు, బరువులు వేసిన బొమ్మ ఒకటి పట్టుకుని మీ జిల్లా రవాణా కార్యాలయానికి వెళ్ళండి. ఏ కాగితాలు కావాలో అడిగి రాసుకోండి. గుర్తింపు ఉన్న తయారీదారు దగ్గర ఛాసిస్ (అడుగు చట్రం), ఇరుసు కాగితాలతో సహా కొనుక్కుని, పైన పెట్టె మాత్రం సొంతంగా కట్టుకోవడం ఇంకో దారి. కట్టేశాక వెళ్దాంలే అనుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేని బండికి ఇన్సూరెన్స్ ఉండదు. ఇన్సూరెన్స్ లేని ట్రైలర్ హైవే మీద ఎవరికైనా తగిలితే రెండు కుటుంబాలు నష్టపోతాయి.

ఏ దారికి కడుతున్నారు?

మనకి మూడు రకాల దారులు. ఒకటి ఇసుక: బారువ, కళింగపట్నం, భావనపాడు వైపు. రెండోది చెరువు గట్లు, తోటల దారులు: తాటిపూడి రిజర్వాయర్ చుట్టుపక్కల, ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లో. మూడోది ఘాట్: శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు దాకా. ఇసుకకి బరువు తక్కువుండాలి. గట్లకి నేల నుంచి ఎత్తు కావాలి. ఘాట్‌కి కప్లింగ్ (కారునీ ట్రైలర్‌నీ కలిపే భాగం), బ్రేకులు నమ్మకంగా ఉండాలి. ఈ మూడూ దృష్టిలో పెట్టుకుంటే ఒక్క మాట తేలుతుంది: చిన్నది, తేలికది కట్టండి. మంచాలు, ఫ్రిజ్, స్నానాల గది ఉన్న బండి మన పొలం దారులకి పనికిరాదు.

బరువు చిట్టా

ఒక నోటు పుస్తకంలో ప్రతి వస్తువు బరువూ రాయండి. మాది ఇలా వచ్చింది: ఛాసిస్ పైపులు 75 కిలోలు, ఇరుసు, హబ్బులు (చక్రాలు బిగించే భాగాలు), కమాను పట్టీలు (కుదుపు తగ్గించే వంపు ఉక్కు పట్టీలు) కలిపి 65, రెండు చక్రాలు 45, నేల ప్లైవుడ్, పెట్టె కలిపి 95, కప్లింగ్, జాకీ, లైట్లు 20. అంటే ఖాళీ బండి 300. దాని మీద నీళ్ళు 40 లీటర్లు, అంటే 40 కిలోలు. బ్యాటరీ, సోలార్ ప్యానెల్ 20. గ్యాస్, వంట సామాను 30. పరుపు, టార్పాలిన్ 25. బట్టలు, తిండి 25. మొత్తం 440.

మీ బండి మాన్యువల్‌లో లాగగలిగే బరువు రాసి ఉంటే అదే మీ హద్దు. ఐరోపాలో 750 కిలోల దాకా బ్రేకు లేని ట్రైలర్‌ని అనుమతిస్తారు. కానీ ఘాట్ రోడ్ల మీద బ్రేకు లేకుండా 450 కిలోలు దాటొద్దని నా గట్టి అభిప్రాయం. దిగేటప్పుడు ఆ బరువంతా కారు బ్రేకుల మీదే పడుతుంది.

చక్రాల మధ్య దూరం, ఆ తర్వాతే పెట్టె వెడల్పు

చాలామంది ముందు పెట్టె గీసి తర్వాత దానికి చక్రాలు తగిలిస్తారు. అలా కాకుండా, కారు వెనక చక్రాల మధ్య ఎంత దూరం ఉందో టేపు పెట్టి కొలవండి. ట్రైలర్ చక్రాల మధ్య కూడా సరిగ్గా అంతే ఉండాలి. ఇసుకలో, బురదలో కారు చక్రాలు దారి నొక్కుకుంటూ వెళ్తాయి. ట్రైలర్ చక్రాలు అదే జాడలో వస్తే సులువుగా లాగుతుంది. జాడ తప్పితే ఇంకో రెండు కొత్త గాడులు తవ్వుకుంటూ ఇంజన్ అరిచిపోతుంది.

చక్రాలు కూడా కారువే వాడండి. బొలెరోకి 215/75 ఆర్15 టైర్లు వస్తాయి. అవే పెట్టి, హబ్బు బోల్టుల అమరిక కూడా అదే ఉండేలా చూసుకుంటే ఒక్క స్టెప్నీ రెండింటికీ సరిపోతుంది. ఇరవై కిలోల బరువూ, ఖర్చూ తగ్గుతాయి.

టైర్ల లోపలి అంచుల మధ్య దూరం కొలిచి, రెండు వైపులా ఐదారు సెంటీమీటర్లు వదిలేయండి. మిగిలిందే పెట్టె వెడల్పు. మాకు 110 సెం.మీ. వచ్చింది. పొడవు 244 సెం.మీ. పెట్టుకున్నాం, ఎందుకంటే ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగులుంటుంది. నాలుగడుగుల వెడల్పులో 12 సెం.మీ. కోసేశాం. ఆ ముక్క తర్వాత వంటగది అరలకి పనికొచ్చింది.

ఛాసిస్

50×50 ఎం.ఎం., 3 ఎం.ఎం. మందం చదరపు పైపు చాలు. ఆరు మీటర్ల పైపులు మూడు తీసుకుంటే చట్రం, ముందు నొగ రెండూ వస్తాయి. ట్రాక్టర్ ట్రక్కులు కట్టే మేస్త్రీ అలవాటుగా పెద్ద ఛానెల్ ఇనుము వేద్దామంటాడు. ఆయన కట్టేది టన్నుల బరువుకి. మీ చిట్టా చూపించి ఒప్పించండి.

ముందు అన్ని మూలలూ చిన్న చిన్న టాకాలు మాత్రమే వేయించండి. మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పెట్టండి. 244×110 చట్రానికి రెండు కొలతలూ 267.6 సెం.మీ. రావాలి. తేడా ఉంటే సుత్తితో సరిచేసి, అప్పుడే పూర్తి వెల్డింగ్. ఒకే పక్క వరసగా వెల్డ్ చేస్తే వేడికి చట్రం మెలి తిరుగుతుంది. ఒక మూల చేశాక ఎదురు మూలకి వెళ్ళాలి.

ముందు నొగ రెండు పైపులతో, తలకిందులైన ‘వి’ ఆకారంలో పెట్టించండి. ఈ పైపులు పెట్టె ముందు అంచు దగ్గరే ఆగిపోకూడదు. చట్రం కింద నుంచి వెనక్కి, కమాను పట్టీ ముందు కొక్కెం దాకా పోవాలి. నొగ చట్రం కింద నుంచి బయటికొచ్చే చోట ఎక్కువ ఒత్తిడి పడుతుంది. అక్కడ పైపుకి అడ్డంగా వెల్డ్ గీత వేయొద్దు, పొడవునా మాత్రమే వేయాలి. అడ్డం గీత దగ్గరే కొన్నాళ్ళకి బీట మొదలవుతుంది. పెట్టె నుంచి కప్లింగ్ దాకా 120 సెం.మీ. ఉంచండి. తక్కువైతే మలుపులో కారు మూల పెట్టెకి గుద్దుకుంటుంది. బొలెరో లాంటి బండికి వెనక తలుపు పక్కకి తెరుచుకుంటుంది, దాని మీద స్టెప్నీ ఉంటుంది. నొగ జాకీ ఆ తలుపుకి అడ్డం రాకుండా చూసుకోండి.

ఇరుసు, కమాను పట్టీలు

డబ్బు ఖర్చు పెట్టాల్సిందిక్కడ. 45 ఎం.ఎం. చదరపు ఉక్కు కడ్డీ ఒకటే ముక్కగా తీసుకుని, రెండు చివరలూ లేత్ మీద తిప్పించి, టేపర్ రోలర్ బేరింగులతో హబ్బులు పెట్టించండి. రెండు ముక్కల్ని మధ్యలో అతికించిన ఇరుసు ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ట్రాక్టర్ ట్రక్కు కమాన్లు మన బరువుకి కదలనే కదలవు. చిన్న గుంతకి కూడా బండి ఎగిరి పడుతుంది, లోపల గిన్నెలు, అరలు అన్నీ వదులైపోతాయి. పాత మారుతి ఓమ్నీ వెనక పట్టీల్లాంటి మెత్తనివి వెతకండి. బరువెక్కించాక పట్టీ కొద్దిగా దిగి, ఇంకా వంపు మిగిలుంటే సరిపోయినట్టు. పూర్తిగా తిన్నగా అయిపోతే ఒక పట్టీ కలపాలి, అసలు కదలకపోతే ఒకటి తీసేయాలి. పట్టీల్ని ఇరుసు మీద పెట్టించండి, కింద వేలాడదీయొద్దు. అలా చేస్తే నేల నుంచి ఎత్తు బాగా పెరుగుతుంది. పట్టీకి ఎక్కడా వెల్డింగ్ తగలనివ్వొద్దు. వేడికి దాని గుణం పోయి విరిగిపోతుంది. షాక్ అబ్జార్బర్లు రెండు కలిపితే ఇంకా మంచిది.

ఇరుసు ఎక్కడ పెట్టాలి? పెట్టె పొడవులో ముందు నుంచి 60 శాతం దగ్గర. 244లో అది 146 సెం.మీ. అంటే నడిమధ్య కన్నా ఒక జానెడు వెనక. ముందు భాగం కొంచెం బరువుగా ఉండి నొగ కిందికి నొక్కుతుంది, మనకి కావలసింది అదే. బోల్టులు బిగించే ముందు కప్లింగ్ మధ్య నుంచి ఇరుసు రెండు చివరలకీ కొలవండి. రెండూ సమానం కాకపోతే ట్రైలర్ ఎండ్రకాయలా పక్కగా నడుస్తుంది, టైర్లు నెలల్లో అరిగిపోతాయి.

బేరింగు బిగించేటప్పుడు నట్టు బిర్రుగా పట్టేదాకా తిప్పి, చక్రం తేలికగా తిరిగేలా కొద్దిగా వదలండి. తర్వాత సీల పెట్టి చివరలు మడవండి. ఎడ్లబండి చక్రానికి సీల ఎంతో దీనికీ అంతే. అది లేకుండా ఊరు దాటకూడదు.

కప్లింగ్

ట్రాక్టర్‌కి వాడే పిన్ను, కన్నం పద్ధతి చవక. కానీ దానిలో ఉండే ఖాళీ వల్ల హైవే మీద ప్రతి బ్రేకుకీ గుద్దు తగులుతుంది. 50 ఎం.ఎం. బాల్ కప్లింగ్ పెట్టండి. బాగా ఎగుడుదిగుడు దారులకి వెళ్ళేవాళ్ళైతే తన చుట్టూ తాను తిరిగే రకం తెప్పించుకోండి. గట్టు ఎక్కేటప్పుడు కారు ఒక వైపు, ట్రైలర్ ఇంకో వైపు వాలినా అది పట్టేయదు. కారుకి బిగించే భాగం ఛాసిస్‌కే బోల్టు అవ్వాలి, బంపర్‌కి కాదు. కప్లింగ్ కింద రెండు గొలుసులు ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా కట్టండి. కప్లింగ్ ఊడినా నొగ ఆ గొలుసుల మీద పడుతుంది, రోడ్డులో గుచ్చుకోదు.

పెట్టె, పడక, వంట

25 ఎం.ఎం. పైపుతో అర మీటరు ఎత్తు పెట్టె, చుట్టూ అల్యూమినియం రేకు, పైన మడిచి తెరిచే చెక్క మూత. మూత పక్కకి తెరిస్తే కాళ్ళ మీద నిలబడి పడక రెట్టింపు వెడల్పవుతుంది. దాని మీద పైపు వంపులు నిలబెట్టి టార్పాలిన్ కప్పడమే. నేలకి ఎత్తుగా పడుకుంటాం కాబట్టి తేళ్ళు, పాముల భయం తక్కువ. దోమతెర మాత్రం మరిచిపోవద్దు.

వంటగదిని పెట్టె వెనక వైపు పెట్టండి కానీ బరువైన సామాన్లు అక్కడ పెట్టొద్దు. పెట్టె వెనక కింది అంచు కొంచెం పైకి ఏటవాలుగా కోయించండి. లేకపోతే చెరువు గట్టు ఎక్కి దిగేటప్పుడు తోక నేలకి గీరుతుంది. ఐదు కిలోల చిన్న సిలిండర్ సరిపోతుంది. దానికి బయటవైపు తెరుచుకునే అర చేసి అడుగున కన్నాలు పెట్టండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కారితే అడుగునే పేరుకుంటుంది. మూసిన పెట్టెలో సిలిండర్ పెట్టి దాని మీద పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

కరెంటు

బ్రేకు లైటు, ఇండికేటర్లు, టెయిల్ లైటు, ఎర్ర రిఫ్లెక్టర్లు తప్పనిసరి. ఏడు పిన్నుల ప్లగ్గు వాడండి. ఎర్తుకి విడిగా వైరు లాగండి, కప్లింగ్ ఇనుము మీద వదిలేస్తే లైట్లు మినుకుమినుకుమంటాయి. బండిలోపలికి 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు 12 కిలోలే. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, దాన్ని ఎత్తకండి. 20 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగినా 160 వాట్ అవర్లే. 100 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో మర్నాటికి అది తిరిగి నింపేస్తుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

సముద్రపు ఉప్పు

మన తీరంలో ఇనుముకి అసలు శత్రువు ఇదే. వెల్డింగ్ అంతా అయ్యాక తుప్పు, మసి గీకేసి జింక్ ప్రైమర్ రెండు కోట్లు, ఆ పైన రంగు. పైపుల చివరలు పూర్తిగా మూసేయండి, లేదా అడుగున నీళ్ళు కారే కన్నాలు పెట్టండి. సగం మూసిన పైపులో నీళ్ళు నిలిచి లోపల నుంచి తినేస్తాయి. స్థోమత ఉంటే వేడి జింకులో ముంచే గాల్వనైజింగ్ అన్నిటికన్నా మేలు. బీచి నుంచి ఇంటికి రాగానే అడుగు భాగం మంచినీళ్ళతో కడగాలి, ఆ రాత్రే.

కాటా మీద పరీక్ష

ఊరికి వెళ్ళేటప్పుడు ఎంత సామాను ఉంటుందో అంతా ఎక్కించి, రైసు మిల్లు దగ్గర కాటాకి తీసుకెళ్ళండి. మొత్తం బరువు తెలుస్తుంది. తర్వాత కారు నుంచి విప్పి, కప్లింగ్ ఎత్తుకి సరిపోయే చెక్క దిమ్మ ఒకటి మనుషులు తూగే చిన్న త్రాసు మీద పెట్టి, నొగని దాని మీద ఆనించండి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం రావాలి. 440 కిలోలకి 44 నుంచి 66. తక్కువొస్తే సామాను ముందుకి, ఎక్కువొస్తే వెనక్కి.

మేం మొదట నీళ్ళ ట్యాంకుని వంటగది పక్కన, ఇరుసు వెనక బిగించాం. కొళాయికి దగ్గరగా ఉంటుందని. షాపులో పెద్దాయన ఒకరు వచ్చి నొగ ఒక్క చేత్తో ఎత్తి చూసి, “ఏటి బాబూ, నీళ్ళన్నీ ఎనకాలెట్టీసినావు? నొగ లెగిసిపోద్ది గదా!” అన్నారు. ఆయన చిన్నప్పుడు బండి తోలిన మనిషి. త్రాసు మీద పెడితే 28 కిలోలు చూపించింది.

మొదటి ప్రయాణం పది కిలోమీటర్లు చాలు. ఆగి హబ్బుల మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేనంత కాలితే బేరింగు మరీ బిర్రుగా ఉంది. 50 కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు మళ్ళీ బిగించండి. వెనక్కి తోలడం ఖాళీ కళ్ళంలో నేర్చుకోండి: చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టి, ట్రైలర్ తోక ఎటు వెళ్ళాలో చేతిని అటు జరపండి. ట్రైలర్ ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు వేయొద్దు, వేగం పెంచొద్దు. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. ఆగాక బరువు ముందుకి మార్చండి.

ఎక్కడ, ఎప్పుడు

ఇసుకలోకి దిగే ముందు కారు, ట్రైలర్ టైర్లన్నిటిలోనూ గాలి 18-20 పీఎస్‌ఐకి తగ్గించండి. రోడ్డెక్కగానే మళ్ళీ నింపడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉండాలి. జనవరి నుంచి మార్చి దాకా శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో ఇసుక మీదికి చక్రం దింపొద్దు. రోడ్డు వైపే ఉండి, రాత్రి లైట్లు ఆర్పేయండి.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ట్రైలర్ ఇంటి దగ్గరే ఉండాలి. వానాకాలంలో నాగావళి, వంశధార ఇసుక తిన్నెల మీద మకాం వద్దు. ఒడిశా కొండల్లో కురిస్తే ఇక్కడ ఎండ కాస్తున్నా నది పొంగుతుంది. కొమరాడ, గరుగుబిల్లి వైపు ఏనుగులు తిరుగుతాయి, అక్కడ బయట పడుకోవద్దు. ఎక్కడ దిగినా ఆ తోట యజమానినో, ఊరి పెద్దలనో అడిగి దిగండి. అటవీ భూమైతే అటవీ శాఖ అనుమతి కావాలి.

మొదటి రాత్రి మాత్రం దూరం పోకుండా మీ కళ్ళంలోనే పడుకోండి. ఏం మరిచిపోయారో, ఏ బోల్టు చప్పుడు చేస్తుందో, టార్పాలిన్ ఎక్కడ కారుతుందో అక్కడే తెలుస్తుంది. మేం ఆ రాత్రి అమ్మ చేసిన పులుసూ అన్నం దాని వంటగది బల్ల మీదే తిన్నాం. తెల్లారాక నీళ్ళ ట్యాంకు విప్పి ఇరుసు ముందుకి మార్చి, మళ్ళీ త్రాసు పెట్టాం. 52 వచ్చింది. పాత బోల్టుల కన్నాల్లో రబ్బరు బిరడాలు కొట్టి, తాటిపూడికి బయల్దేరాం.